అక్కకు రాయొద్దన్న మాట

మాస్‌బర్న్,
20 జనవరి 2025

గిరిధర్ బావకు,

మీరంతా బాగున్నరా అని అడుగను. నేను బాగలేను. ఇంగ్లీషుల తిడితే నీకు ఎక్కదు, షాపుల పొద్దంతా అదే వింటవ్. అందుకే తెలుగుల రాస్తున్న. కరీంనగర్‌ల ఏడో క్లాసు దాకా నేర్చుకున్న తెలుగు ఇది, తప్పులుంటే నోరు మూసుకొని చదువుకో. ఫోన్ చేస్తే నువ్వు నవ్వి మాట మారుస్తవ్. కాగితం మీద ఎట్ల మారుస్తవో చూస్త.

నువ్వు కొరియర్ చేసిన డబ్బా నిన్న వచ్చింది. నేను పనిచేసే ఫామ్‌ల, జింకల షెడ్డుల పెట్టుకొని తెరిచిన. విల్లు తీసి చూస్తే తాడు కాలి ఉన్నది. ఈ విల్లు రెండు కొసలకు చక్రాలుంటయ్, కింది చక్రానికి జానెడు పైన. ఆ తాడుల సన్నటి పోగులుంటయ్ బావా, అన్ని కలిపి పేనుతరు. అందుల సగం కరిగి, నల్లగ ముద్దై, గట్టిపడ్డయ్. చూడకుంట లాగి ఉంటే తాడు తెగి మొహం మీద కొడుతుండె. ఆపరేషన్ చేసిన భుజం మళ్ల ఊడుతుండె.

గ్యారేజీ తాళం ఎవరి దగ్గరుంటది? సెప్టెంబర్‌ల ఆపరేషన్ అయినంక నేను బోటనీ పేటల అమ్మ ఇంట్ల పడి ఉన్న. విల్లు హామిల్టన్‌ల నీ గ్యారేజీల మేకుకు వేలాడుతుండె. దీపావళి నాడు నేను ఎల్క్ వేటకు పోత, ఒక్కన్నే పోత అంటే అక్క ఏమన్నది? "ఆ విల్లును విరిచి బార్బెక్యూల పెడ్త" అన్నది. అప్పటి సంది నాతోని మాట్లాడుతలేదు. నువ్వు పక్కన కూసొని బూరెలు తినుకుంట నవ్వినవ్. అక్క నోటితోని అంటది, చెయ్యదు. నువ్వు అనవు, చేస్తవ్.

నీకెర్క లేదేమో, చెప్త. మా బాసు రాస్‌కు ఈ ఫామ్ వెనుక కొండల్ల పెద్ద జాగ ఉన్నది. మార్చి ఆఖరుకు అడివిల నుంచి ఎల్క్ మగయి అరుచుకుంట దిగుతయ్. ఇక్కడోళ్లు వాపిటి అంటరు. జింక జాతే, కాని గుర్రమంత ఉంటది. ఒకటి నాకు ఇస్తనన్నడు, బాణంతోనే కొట్టాలె. కాని తాడు లాగేటందుకు యాభై పౌండ్ల బలం పట్టే విల్లు లాగి, ముందుగాల ఆయనకు గురి చూపియ్యాలె. అంతకన్న తక్కువైతే బాణం లోపలికి దిగదు. దెబ్బ తిన్న జంతువు కొండల్ల తిరిగి తిరిగి సస్తది, అది ఆయన ఒప్పుకోడు.

సర్జన్ ఏమన్నడు? "విల్లు సంగతి మర్చిపో" అన్నడు. స్కూలు నడుమ విడిచిపెట్టిన. కార్ల సొట్టలు తీసే ప్యానెల్ బీటింగ్ నడుమ విడిచిపెట్టిన. కంచెలు పాతే ఫెన్సింగ్ పని నేను విడువలే, భుజమే నన్ను విడిచిపెట్టింది. ఇది ఒక్కటి విడువను అనుకున్న. దీన్ని నువ్వు కాల్చినవ్.

ఎందుకు కాల్చినవో రాయి.

బంటి

హామిల్టన్,
29 జనవరి

చిరంజీవి బంటికి బావ దీవెనలు. నీకు కావాలన్నా వద్దన్నా వస్తాయి, పోస్టు డబ్బాలో పడే సూపర్‌మార్కెట్ కాగితాల్లాగా.

ఒరేయ్, నీ ఉత్తరం ఇంటికి రాసి ఉంటే ఏమయ్యేది? అదృష్టం, షాపు అడ్రసు రాశావు. ఇక మీదట కూడా షాపుకే రాయి. మీ అక్క చేతిలో పడకూడదు.

అవును, నేనే. లైటర్‌తో కాల్చాను. డెయిరీలో, అదే మన కిరాణా షాపులో, కౌంటరు మీద డబ్బా నిండా ఉంటాయి కదా, ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ఎందుకంటే... ఆగు, ఎవడో మిన్స్ పై, ఆ కీమా రొట్టె, అడుగుతున్నాడు.

వచ్చాను. ఎందుకంటే నువ్వు చేతికి పట్టీ కట్టుకుని, అన్నం కలుపుకోలేక, అత్తయ్య చేత ముద్దలు పెట్టించుకున్న మనిషివి. ఆ పట్టీ విప్పీ విప్పగానే ఒక్కణ్నే కొండల్లోకి పోతా అన్నావు. అక్కడ ఫోను పని చెయ్యదు. కాలు జారితే పలకరించడానికి గొర్రె కూడా ఉండదు. పెద్ద అర్జునుడివి, రథం తోలేవాడు కూడా లేకుండా బయల్దేరావు. వేరే దారి తోచక కాల్చాను. చాలా?

ఇన్వర్‌కార్గిల్‌లో విల్లులు బాగుచేసే మనిషి ఉన్నాడని అప్పుడెప్పుడో అన్నావు కదా, కొత్త తాడు వేయించుకో. నన్ను ఎంత తిట్టాలనుంటే అంత తిట్టు. మీ అక్కకి మాత్రం చెప్పకు.

మీ అక్క నవీన బాగానే ఉంది. నీ పేరెత్తదు. కానీ వాతావరణం వార్తల్లో మీ సౌత్‌లాండ్ వచ్చేదాకా టీవీ కట్టెయ్యనివ్వదు. మొన్న కంది పొడి కొట్టింది. ఎవరికే అంటే మీకే అంది. నాకు కంది పొడి పడదని పెళ్లైన వారానికే తెలుసు తనకి. ఆ పొట్లం ఇందులో పెడుతున్నాను.

నీ బావ
గిరిధర్

మాస్‌బర్న్,
10 ఫిబ్రవరి

బావా అని మొదలుపెట్టుడే తప్పు. వేరే పిలుపు దొరకలే.

నువ్వు ఒప్పుకుంటవనుకోలే. ఎలుకలంటవ్, కొరియర్ వాడంటవ్, అప్పుడు ఇంకింత తిడుదామనుకున్న. సీదా ఒప్పుకొని మిన్స్ పై అమ్ముకుంటున్నవ్. సిగ్గుండాలె. కాల్చిందొకటి, మళ్ల మీ అక్కకు చెప్పకు అనుడొకటి. ఆమె పక్కన కూసొని అన్నం ఎట్ల తింటున్నవ్?

గోదావరోళ్లు నవ్వుకుంటనే ముంచుతరు అని మా నాన్న అనేటోడు. మీ పెళ్లికి ముందు అన్నడు, పెళ్లినాడు నీ పక్కన కూసొని పాన్ నమిలిండు. ఇప్పుడు ఆయన లేడు. అందుకే నేనంటున్న.

కొత్త తాడు వేయించిన. పాతది పారెయ్యలే. జింక పిల్లల గేటుకు కట్టిన. పొద్దుగాల లేవంగనే దాన్ని విప్పుడు, నిన్ను తిట్టుడు, మేత వేసుడు. జింకలకు గూడ నీ పేరు వచ్చింది.

భుజం ఎట్లున్నదని నువ్వు అడుగలే. అడుగకున్నా చెప్త. ఫిజియో ఆమె రబ్బరు పట్టీ ఇచ్చింది. దాన్ని కంచె స్తంభానికి కట్టి లాగుడు, పక్కకు లాగుడు, పైకి లాగుడు. విల్లును మొదలు ముప్పై పౌండ్లకు దించి లాగిన. కీలు లోపట ఎవరో గరిట పెట్టి తిప్పినట్లయ్యింది. ఇప్పుడు నలభై. ఆమె ఒకటే మాటంటది. లాగుడు గొప్ప కాదు, లాగినంక బాణం విడువకుంట తాడును మళ్ల మెల్లగ ముందుకు తెచ్చుడే కష్టం. విడిస్తే బరువంతా బాణంతోని పోతది. విడువకుంటే అదంతా భుజం మీదనే పడ్తది. అది చేసిననాడు నీ భుజం బాగైనట్లు అంటది. నాకు అది వస్తలేదు. ప్రతిసారి జర్క్ కొడ్తది, కండ్లల్ల నీళ్లు తిరుగుతయ్. అప్పుడు నీ లైటర్ యాదికొస్తది, మళ్ల లాగుత.

కంది పొడి తిన్న, అయిపోయింది. అది అక్క లెక్క, నీ ఖాతాల పడదు.

ఆమెకు రాస్త నేను. ఎటువంటోనితోని ఉంటున్నదో ఆమెకు తెల్వాలె.

బంటి

హామిల్టన్,
21 ఫిబ్రవరి

బంటికి,

ఈసారి దీవెనలు లేవు. స్టాకు లేదు.

మామయ్య మాట ఎత్తావు గనక చెబుతున్నాను. ఆయన నా పెళ్లిలో పాన్ నమిలాడు, నిజమే. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని "వీనికి కోపమెక్కువ, ఆలోచన తక్కువ, జర చూసుకో" అన్నాడు, అదీ నిజమే. చూసుకుంటున్నాను. అందుకని నోరు కాస్త అదుపులో పెట్టుకో. నాకూ కోపం వస్తుంది. ఎప్పుడూ చూడలేదు గనక రాదనుకుంటున్నావు.

దీంతో పాటు ఒక డబ్బా వస్తుంది. అందులో నారింజ రంగు పరికరం, సబ్బుబిళ్లంత ఉంటుంది. బీకన్ అంటారు. ఆపదలో బటన్ నొక్కితే నువ్వెక్కడున్నావో తెలిసి హెలికాప్టర్ వస్తుంది. అది మెడలో వేసుకోకుండా కొండ ఎక్కావంటే మాస్‌బర్న్ వచ్చి నీ గుండెల మీద కూర్చుంటాను. నా బరువు నీకు తెలుసు.

మీ అక్కకి రాస్తానన్నావు. షాపు ముందు ఇనప స్తంభాలు పాతిస్తే, తలుపు గుద్ది దోచుకునే దొంగల కార్లు ఆగాయి. నిన్ను ఆపడానికి ఏం పాతాలో తెలీదు. సరే, రాయి. నీ విల్లు నేనే పాడుచేశానని రాయి. దుర్మార్గుణ్ని అని రాయి, దొంగ అని రాయి. కానీ "కాల్చాడు" అని మాత్రం రాయకు. "కోశాడు" అని రాయి. కత్తితో కోశాడు అని. ఎందుకని అడక్కు. ఈ ఒక్క మాట నా కోసం మార్చు.

భుజానికి ఐస్ పెట్టుకుంటున్నావా? చెప్పకు, నాకక్కర్లేదు.

గిరిధర్

మాస్‌బర్న్,
17 మార్చి

గిరిధర్‌కు,

బావ అనుడు బంద్ చేసిన.

యాభై అయ్యింది. నిన్న రాస్ ముందర లాగిన. గడ్డి మోపుకు కాగితం ప్లేటు కట్టి ముప్పై మీటర్ల అవతల పెట్టిండు. మూడు బాణాలు వేసిన, మూడూ ప్లేటులనే. రాస్ తోక ఊపుతున్న కుక్కను చూసిండు, కొండను చూసిండు, "నాట్ బ్యాడ్" అన్నడు. కివీ ముసలాయన నాట్ బ్యాడ్ అంటే మనోళ్లు శాలువ కప్పినట్లు. ఎవరికి చెప్పాల్నో తెల్వక జింకలకు చెప్పిన.

బాణం విడువకుంట తాడు తెచ్చుడు ఇప్పటికీ రాలే. రాకపోతే రాకపాయె. విడిచేటందుకే పోతున్న.

బీకన్ వచ్చింది. తాడు కాల్చినా ఆగలేదని ఇప్పుడు మెడల గంట కడుతున్నవ్, బర్రెకు కట్టినట్లు. రాస్ తీసుకపో అన్నడు, ఆయన కోసం తీసుకపోతున్న.

అక్కకు రాసిన. దీనితోపాటే ఆ కవరు గూడ పోస్టు చేస్తున్న, మీ ఇంటి అడ్రసుకు. నువ్వు చెప్పినట్లు రాయలే. కాల్చిండు అనే రాసిన, రెండుసార్లు రాసిన, రెండోదాని కింద గీత గూడ కొట్టిన. కోసిండు అంటే తప్పు తక్కువైతదా? చేసిన తప్పు మీద గూడ బేరమాడేటోన్ని నిన్నే చూసిన. అంతా షాపు బుద్ధి.

శుక్రవారం కొండకు పోతున్న. వారం దాక ఫోన్ పని చెయ్యదు. చేసినా నీది ఎత్తను.

బంటి

హామిల్టన్,
24 మార్చి

ఒరేయ్ మూర్ఖుడా,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున షాపుకి వచ్చింది. నీకు ఫోన్ చేశాను, పలకలేదు. రాస్‌కి చేశాను, శుక్రవారమే ఎక్కేశాడు అన్నాడు. ఇది నువ్వు దిగాక చదువుతావు.

విను. లైటర్ లేదు, ఏమీ లేదు. దసరాకి మీ అక్క గ్యారేజీలో ఆయుధపూజ చేసింది. కారుకి, లాన్‌మోవర్‌కి, నా డ్రిల్లుకి, అన్నిటికీ బొట్లు. నీ విల్లుని మేకు మీంచి దింపి పీట మీద నిలబెట్టింది. పసుపు రాసి కుంకుమ పెట్టింది. "వాని చెయ్యి మళ్ల దీన్ని లాగాలె తల్లీ" అని కళ్లు మూసుకుని హారతి ఇచ్చింది. గ్యారేజీ తలుపు తెరిచే ఉంది. గాలికి కర్పూరం మంట పక్కకి వాలి తాడుకి అంటింది. నేను చూశాను. చిన్న పొగ, అంతే కదా అనుకున్నాను. నీకు పంపేముందు, వెక్కిరిస్తావని బొట్లు తుడిచి కేసులో పెట్టాను. తాడు సంగతి గుర్తే లేదు. నీ మొదటి ఉత్తరం చదివాకే ఆ పొగ గుర్తొచ్చింది.

మామయ్యకి బైపాస్ చేసిన రోజు గుర్తుందా? ఇంట్లో దీపం కొండెక్కింది. సాయంత్రానికి ఆయన లేడు. అప్పట్నించీ మీ అక్క దీపం వెలిగించాక దాని ముందు నించి కదలదు. అలాంటిది, తనిచ్చిన హారతే తమ్ముడి విల్లుని కాల్చిందని తెలిస్తే ఏమవుతుంది? నువ్వు కొండ దిగేదాకా అన్నం ముట్టదు. నీకు ముల్లు గుచ్చుకున్నా తన వల్లే అంటుంది. "కాల్చాడు" అని చదివిందంటే ఆ రోజు పొగ వాసన ఠక్కున గుర్తొస్తుంది. అందుకే కోశాడని రాయమన్నాను. అందుకే నేనే చేశానన్నాను. నాకు తిట్లు అలవాటే, డెయిరీ నడుపుతున్నాను.

ఇప్పుడు షాపులో పనిచేసే మనీష్‌కి తాళాలిచ్చేసి, పోస్టు వచ్చే వేళకి ఇంటి డబ్బా దగ్గర కాపలా కాస్తున్నాను. మొక్కలకి నీళ్లు పడుతున్నట్టు పైపు పట్టుకుని నిలబడతాను. ఇవాళ రాలేదు. ఈ దేశంలో పోస్టు ఆలస్యమైనందుకు మొదటిసారి దణ్ణం పెట్టుకున్నాను.

ముందు నువ్వు తిరిగి రా. తర్వాత తంతాను.

గిరిధర్

మాస్‌బర్న్,
29 మార్చి

బావా,

మళ్ల బావా అంటున్న. కోపం తగ్గి కాదు. ఎక్కువైంది.

నీ ఉత్తరం రాస్ ఇచ్చేటప్పటికే నాకు తెలిసిపోయింది.

పోయిననాటి సంది వాన. గుడారంల పండుకొని మగయి అరుస్తుంటే విన్న. సన్నగ ఈల లెక్క లేస్తది బావా ఆ అరుపు, ఆఖరికి దగ్గు లెక్క పడ్తది. అంత పెద్ద జంతువు అట్ల ఈల వేస్తదని చూస్తెగాని నమ్మవు. ఒకనాడు పొద్దుగాల ఒకటి చెట్లల్ల నుంచి బయటికొచ్చింది. తల ఎత్తితే కొమ్ములు వీపుకు తాకుతున్నయ్. నోట్లెకెళ్లి ఆవిరి. నేను బండ వెనుక కూసున్న. మా ఇద్దరి నడుమ మీ షాపు పొడుగంత గూడ లేదు. లాగిన. భుజం పట్టింది. అది పక్కకు తిరిగింది, గుండె జాగ నా ముందర పెట్టి నిలబడ్డది.

అప్పుడు నా మణికట్టు మీదికి ఎర్రగ కారింది.

నెత్తురనుకున్న. ఎక్కడ తెగిందో అర్థం కాలే. కండ్లు పైకెత్తి చూసిన. పై చక్రం నడుమ బోల్టు గుంత ఉంటది. వాన నీళ్లతోని అందుల నుంచి కారుతున్నది. అంచుకు పసుపు పచ్చగ. నెత్తురు పచ్చగ ఉంటదా? అక్క బొటనవేలుతోని కుంకుమ అద్దితే అంత లోపటికి దిగుతది. చిన్నప్పుడు నా సైకిల్ బెల్లుల పెడితే మళ్ల దసరా దాక పోకపోతుండె. నువ్వు తుడిచినవ్ బావా, సరిగ్గ తుడువలే.

అన్ని ఒక్కసారే వచ్చి మీద పడ్డయ్. దసరా, హారతి, కాల్చిండు అని రాయకు, నాన్న నాటి దీపం, నేను పోస్టు చేసిన కవరు.

బాణం విడువొచ్చు. ఎల్క్ అట్లనే ఉన్నది. విడిస్తే అది పడ్తది. పడినంక దాన్ని కోసుడు, తొడలు విడదీసి మోసుడు, ఒక్కనికి రెండు రోజుల పని. మాంసం విడిచి వస్తే రాస్ మళ్ల మొహం చూడడు, నేను గూడ చూసుకోను. అంతసేపట్ల ఉత్తరం అక్క చేతుల పడ్తది. అందుకే విడువలే. పండ్లు కొరుక్కుంట తాడును మెల్లగ ముందుకు తెచ్చిన. భుజంల మంట లేసింది, కాని జర్క్ కొట్టలే. తాడు మొదటి జాగకు వచ్చి ఆగింది. ఎల్క్ నన్ను చూసింది, ఒకసారి దగ్గింది, చెట్లల్లకు పోయింది. నేను ఎల్క్ పోయిందని తిట్టలే. నిన్ను తిట్టిన, గట్టిగ, కొండకు వినబడేటట్లు.

గుడారం అక్కడనే విడిచి కిందికి ఉరికిన. వంతెన కాడ ఫోన్‌ల ఒక గీత వచ్చింది. ఇంటికి చేసిన. అక్కనే ఎత్తింది.

"అక్కా, పోస్టుల నా ఉత్తరం వస్తది, తెరువకు" అన్న.

"శుక్రవారమే వచ్చింది. చదివిన" అన్నది.

"అక్కా, అది అట్ల కాదు..."

"నోర్ముయ్. గ్యాసు పొయ్యి ముట్టియ్యమంటే వెనుకకు జరిగేటోడు లైటర్ పట్టుకొని తాడు కాల్చిండా? అది నా హారతి మంట. వాసన నాకు రాలేదనుకున్నరా ఇద్దరు? నా ముక్కుకు గూడ ఆపరేషనైందా?"

"మరి నీకు భయం కాలేదా?"

"భయమెందుకు? నీకు తగలాల్సింది తాడుకు తగిలిపాయె. దిష్టి కాలిపోయింది. ఆ రోజే అనుకున్న, ఇగ వీని చెయ్యి బాగైతదని. మీ బావకు చెప్తే నవ్వుతడని చెప్పలే. చెయ్యి ఎట్లున్నదిరా?"

బాగైందక్కా అన్న. ఇక అప్పుడు మొదలుపెట్టింది. దీపావళి సంది దాచిపెట్టుకున్నయన్ని తిట్టింది. ఒక్కనివే పోతవా సచ్చినోడా, నీ వేట మన్నువడ, ఫోన్ చెయ్యనీకె వేళ్లకు గూడ ఆపరేషనైందా అని. వంతెన మీద వానల నిలబడి మొత్తం విన్న.

ఇప్పుడు నీ సంగతి. రెండు నెలలు నన్ను తిట్టనిచ్చినవ్. నాన్న మాట తెచ్చి తిడితే గూడ పడ్డవ్. ఒక్కసారి "హారతిరా" అని రాస్తే అయిపోతుండె. నా నోరు ఆగదని నీకు నమ్మకం. అక్క గుండె తట్టుకోదని నీకు నమ్మకం. మమ్మల్ని ఇద్దర్ని నీ షాపుల గుడ్ల లెక్క అట్టపెట్టెల పెట్టి కూసున్నవ్. మేము పగిలేటోళ్లం కాదు బావా. మళ్ల ఎప్పుడన్న ఇట్ల మా కోసం అబద్ధమాడినవంటే హామిల్టన్ వచ్చి నేనే నీ గుండెల మీద కూసుంట. నా బరువు తక్కువనే, కాని ఇప్పుడు రెండు భుజాలు పని చేస్తున్నయ్.

గురువారం మళ్ల కొండకు పోతున్న. రాస్ ఏప్రిల్ నడుమ దాక టైమిచ్చిండు. చక్రంల కుంకుమ కడుగలే. కాలిన తాడు తెచ్చి ఇయ్యమన్నది అక్క. తేను, అది గేటుకు బాగ కుదిరింది. బీకన్ మెడలనే ఉన్నది. ఏమనకు.

ఆఖరి మాట. నీకు చెప్పొద్దన్నది అక్క, చెప్తున్న. నా ఉత్తరం బియ్యం డబ్బాల ఉన్నది. నువ్వు రోజు పైపు పట్టుకొని పోస్టు డబ్బా కాడ నిలబడుతుంటే, ఆమె కిచెన్ కిటికీల నుంచి చూసుకుంట చాయ్ తాగుతున్నదట. వాన పడ్డనాడు గూడ నీళ్లు పట్టినవంట. ఎన్ని రోజులు పడ్తడో చూస్త అన్నది.

పైపు బంద్ చేసి ఇంట్లకు పో బావా. మొక్కలు కుళ్లిపోతయ్.

బంటి